చేత్తో కట్టిన బో

కోపం ఆ అన్నదమ్ములిద్దరికీ ముక్కు మీదే ఉండేది. కాకపోతే అన్న ముక్కు మరీ పొడుగు. ఇప్పుడా ముక్కు ఆస్పత్రి మార్చురీ పక్కగదిలో, స్టీలు బల్ల మీద, కప్పుకేసి చూస్తోంది. తమ్ముడు గుమ్మం దగ్గరే తటపటాయిస్తూ నిలబడ్డాడు. బతికున్నప్పుడు గడప తొక్కనివాడు ఇప్పుడు ఏ ముఖం పెట్టుకుని లోపలికి రావాలి?

"అక్కడే నిలబడిపోయావేం? రా," అంది వదిన. ఏడ్చి ఏడ్చి కళ్లు ఉబ్బిపోయాయి గానీ గొంతులో అధికారం ఏమాత్రం తగ్గలేదు. "బయట బండి వచ్చేసింది. శవపెట్టె మూసేలోగా ఇది కట్టు."

ఆమె చేతిలో ఉన్నది నల్ల పట్టు పీలిక. చివర్లు వెడల్పు, నడుమ సన్నం. మెడలో సీతాకోకచిలుకలా ముడి వేసేదాకా బో టై అంటే అంతే, ఏ చీరలోంచో చింపిన ముక్కలా ఉంటుంది.

అన్న ఒక పెద్ద హోటలు డాన్సు హాల్లో ఫిడేలు వాయించేవాడు. రోజూ అద్దం ముందు నిలబడి ఆ పీలికను తనే కట్టుకునేవాడు. రబ్బరు పట్టీతో మెడకు తగిలించుకునే రెడీమేడ్ బోలంటే ఆయనకు ఒళ్లు మంట. "అది బో కాదురా, కుక్క మెడకు కట్టే పట్టీ," అనేవాడు. అదే హోటల్లో తమ్ముడు సర్వరు. సర్వర్లకు హోటలువాళ్లు ఇచ్చేది రబ్బరుదే. ఆ కుక్కపట్టీతోనే తమ్ముడి జుట్టు నెరిసింది.

అన్న పని మానుకున్న రోజు విందు జరిగింది. తమ్ముడు డ్యూటీలోంచి తిన్నగా అక్కడికి వెళ్లాడు. అప్పటికే రెండు గ్లాసులు ఎక్కించిన అన్న, అందరూ చూస్తుండగా తమ్ముడి మెడలో బో పట్టుకుని ముందుకు లాగి వదిలాడు. అది టప్పున గొంతుకు తగిలింది. గదంతా గొల్లున నవ్వింది. తమ్ముడికి తల కొట్టేసినట్టయింది, నోరు జారాడు.

"నీ ఫిడేలు ఎవడు విన్నాడు? ప్లేట్లు తీసినవాణ్ణి, నాకు తెలుసు. అందరూ తిండికే వచ్చారు."

అంతే, మళ్లీ ఇద్దరి మధ్యా మాటల్లేవు. రబ్బరు దెబ్బ మంట మర్నాటికే చల్లారింది. అన్న ముఖం పాలిపోవడం మాత్రం తమ్ముడి కళ్లలోంచి పోలేదు. వెళ్లి తప్పయిందని చెబుదామని ఎన్నిసార్లు చొక్కా తొడుక్కున్నాడో! ప్రతిసారీ పాడు పంతం అడ్డొచ్చింది. మొన్న పొద్దున అన్న గుండె ఆగిపోయింది.

శవానికి తెల్ల చొక్కా, నల్ల కోటు తొడిగిన మార్చురీ మనిషి నెమ్మదిగా అన్నాడు. "నా దగ్గర రెడీమేడ్‌ది ఉందమ్మా, తగిలించేస్తాను. పెట్టెలో ఎవరికి తెలుస్తుంది?"

"నాకు తెలుస్తుంది," అంది వదిన. "రబ్బరుదేసి పంపితే ఆయన లేచి కూర్చుని మరీ తిడతాడు." తమ్ముడి వైపు తిరిగింది. "నీకు నేర్పింది ఆయనేగా, కట్టు."

తమ్ముడు బల్ల పక్కన నిలబడి, అన్న ముఖం మీదికి వంగి, పీలికను మెడ చుట్టూ తిప్పాడు. కుడి ఎడమైంది, పైది కిందికి పోయింది. ముడి పడ్డట్టే పడి జారిపోయింది. మళ్లీ వేశాడు, మళ్లీ జారింది. అరచేతుల చెమటకు పట్టు నలిగిపోయింది.

"రావడం లేదు వదినా. మర్చిపోయాను."

వదిన నలిగిన పీలిక వైపు చూసింది. తర్వాత, ఆ అధికారమంతా పోయిన గొంతుతో, "సరే బాబూ, ఆ రబ్బరుదే తీసుకురా," అంది మార్చురీ మనిషితో.

తమ్ముడు మార్చురీ మనిషికి అడ్డంగా చెయ్యి చాచాడు. "ఆగండి!" అని అరిచాడు.

సర్వరుగా చేరిన కొత్తలో, హోటలువాళ్లు ఇంకా రబ్బరుది ఇవ్వకముందు, తమ్ముడికి కట్టడం నేర్పింది అన్నే. అప్పుడు ఎదురుగా నిలబడి కాదు, వెనక నిలబడి, తన చేతులు తమ్ముడి భుజాల మీంచి ముందుకు చాచి నేర్పాడు. "ఎదురుగా కట్టడం నాకూ రాదురా. నా మెడే అనుకుంటే గానీ చెయ్యి కదలదు," అన్నాడు.

"కాస్త సాయం పట్టండి," అని తమ్ముడు చెప్పులు విడిచి బల్ల ఎక్కాడు. మార్చురీ మనిషి శవాన్ని భుజాలు పట్టి లేపి కూర్చోబెట్టాడు. తమ్ముడు వెనక కూర్చుని అన్న వీపును గుండెకు ఆనించుకున్నాడు. చల్లదనం కోటులోంచి ఒంట్లోకి పాకింది. అన్న తల వాలి తమ్ముడి భుజం మీద పడింది. ఆ నేర్పిన రోజుల తర్వాత వాళ్లిద్దరూ ఒకరినొకరు ఇంత దగ్గరగా పట్టుకున్నది లేదు.

తమ్ముడు కళ్లు మూసుకున్నాడు. ఇది నా మెడే అనుకున్నాడు. చేతులు వాటంతటవే కదిలాయి. మడత పడింది, చుట్టు తిరిగింది, ముడి నిలిచింది. ఒక రెక్క మాత్రం కాస్త కిందికి వాలింది.

"సరిచెయ్యమంటారా?" అన్నాడు మార్చురీ మనిషి.

"వద్దు," అంది వదిన. "ఆయనదెప్పుడూ అలాగే ఉండేది."

ఇక పడుకోబెట్టాలి. తమ్ముడి చేతులు కాలరు వదల్లేదు. ఆ రోజుల్లో ముడి వేశాక అన్న కాలర్లోకి రెండు వేళ్లు దూర్చి, "ఊపిరాడుతోందిరా?" అని అడిగేవాడు. ఆడుతోందని తమ్ముడు చెప్పేదాకా వేళ్లు తీసేవాడు కాదు.

ఇప్పుడు తమ్ముడి వేళ్లు కాలర్లోకి వెళ్లాయి.

"ఊపిరాడుతోందా, అన్నయ్యా?"

వదిన గోడవైపు తిరిగి నోట్లో కొంగు కుక్కుకుంది. బయట బండివాడు హారన్ కొట్టాడు, కాసేపాగి మళ్లీ కొట్టాడు. తమ్ముడు వేళ్లు తీయలేదు.