ప్రొఫెసరు గారి హోంవర్కు

"కట్టుబాటు కంటికి కనబడదు. ఎవడో ఒకడు తప్పినప్పుడే కనబడుతుంది" అంటూ ప్రొఫెసరు గారు భార్య వైపు చూడకుండానే పళ్ళెం చాచాడు. ఆమె కూర వడ్డించింది. కాలేజీలో ఆయన చెప్పే పాఠం అదే, మనుషులు దారి ఎందుకు తప్పుతారు, తప్పినవాళ్ళని లోకం ఏం చేస్తుంది అని. ఈసారి విద్యార్థులకిచ్చిన హోంవర్కు తలచుకుని పొలమారేలా నవ్వాడు. ఒక పూట సొంతింట్లో అతిథిలా మసలాలట. మంచినీళ్ళు కూడా మర్యాదగా అడిగి తాగాలట. జ్వరమేమోనని ఒకడి నుదురు పట్టి చూసిందట వాళ్ళమ్మ. ఇంకొకడికి నాన్న చెంప పగలగొట్టాడట. ఆమె అత్తగారూ నవ్వింది. భార్య కూడా నవ్వి అంట్లు తోముకుంది గానీ, ఆ హోంవర్కు బుర్రలో తిష్ఠ వేసుకు కూర్చుంది.

మర్నాడు ఆదివారం. ముందు గదిలో కుర్చీలో కూర్చుంది. అతిథి ఏం చేస్తుందో కాసేపు తోచలేదు. తర్వాత తట్టింది, కొత్తగా నేర్చుకునేదేం లేదు, ఈ ఇంట్లో ఆయన ఎలా ఉంటాడో అలా ఉంటే చాలు. కాకపోతే అతిథి థాంక్స్ చెబుతుంది, ఆయన చెప్పడు. ఇంత చిన్న సంగతి పెళ్ళయినప్పట్నుంచీ ఎలా కనబడలేదని తన మీద తనకే ఒళ్ళు మండింది.

"శ్రమ లేకపోతే కాసిని మంచినీళ్ళు ఇప్పిస్తారాండీ?" అంది అత్తగారితో.

"ఎవరికే? ఎవరొచ్చారు?" అని ఆవిడ వీధి గుమ్మం వైపు చూసింది.

"నాకేనండీ."

మధ్యాహ్నమైనా పొయ్యి వెలగలేదు. కూతురు మొదట కిసుక్కున నవ్వింది, ఆకలేసేసరికి ఏడుపు లంకించుకుంది. ఆ ఏడుపు విని ఆమె లేవబోయి, కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుంది. అత్తగారు అప్పటికే పాతవన్నీ తవ్వి పోస్తోంది. మొన్న కుళాయి దగ్గర తనలో తాను నవ్వుకోలేదూ? కూరలో ఉప్పు మరిచిపోలేదూ? పురిటి తర్వాత నెల్లాళ్ళు ఊరికే ఏడవలేదూ? నిన్నటిదాకా అలసట అనిపించుకున్నవన్నీ పూట తిరిగేసరికి రోగ లక్షణాలైపోయాయి. ప్రొఫెసరు గారు ఆమె ఎదుటే ఆమె అన్నకి ఫోన్ చేసి, "మీ చెల్లెలికి మతి చెడినట్టుంది బావా" అన్నాడు. అన్న ఒక్క ప్రశ్నైనా వెయ్యలేదు. "మంచి డాక్టరుకి చూపించండి" అన్నాడు. అదీ తోడబుట్టినవాడి ప్రేమ!

అత్తగారు లోపలికెళ్ళాక ఆమె గొంతు తగ్గించి అంది. "నేను చేస్తోంది మీ హోంవర్కేనండీ. మీకు కూడా అర్థం కాలేదా?"

"పొద్దున్నే అర్థమైంది."

"మరి మా అన్నయ్యకి..."

"పిల్లలు చేస్తే మార్కులేస్తాను. నువ్వు చేస్తే ఏం వెయ్యను? పెళ్ళాం తిరగబడిందంటే నలుగురూ నన్ను చూసి నవ్వుతారు. పిచ్చంటే జాలి పడతారు. రేపటికి డాక్టరుతో మాట్లాడాను. ఇప్పుడే లేచి పొయ్యి వెలిగించు, వద్దని చెప్పేస్తాను. లేదంటావా, ఆ పేరొకసారి పడ్డాక నువ్వు నవ్వినా పిచ్చే, ఏడ్చినా పిచ్చే. ఆ సంగతి నాకంటే బాగా ఎవరికి తెలుసు?"

నిజమే, ఆయనకి తెలుసు. జీతం తీసుకుని చెప్పే పాఠమే అది. లోపల కూతురు వెక్కుతోంది. లేస్తే మతి ఉన్న మనిషే, కానీ ఇక చచ్చేదాకా లేస్తూనే ఉండాలి.

"డాక్టరు గారు ఎన్నింటికి రమ్మన్నారండీ?" అని మర్యాదగా అడిగింది, కుర్చీలోంచి లేవకుండానే.