ఫైళ్ళ బరువు దించేవాడు

పెంచల్ అప్పటికి మూడో ఫైలు మీద ఉన్నాడు. కువైట్ ఊళ్ళకి అవతల కబ్ద్‌లో ఎవరిదో గొర్రెల కొట్టం. నాలుగు గోడలూ రెండు గదులూ ఉన్న ఆ బొమ్మ నూట పన్నెండు మెగాబైట్ల బరువుతో వచ్చి, తెరుచుకోనని మొండికేసింది. గంటసేపు దాని సంగతి చూసి ఎనిమిదికి దించాడు. మణికట్టుకి చుట్టుకున్న ఎలాస్టిక్ పట్టీ సర్దుకుని, కళ్ళద్దాలు చొక్కా కొసతో తుడుచుకుని, చల్లారిపోయిన సులేమానీ టీ ఒక గుక్క తాగాడు. మళ్ళీ కీబోర్డు మీదకి వంగాడు.

ఖైతాన్‌లో టైర్ల కొట్టు పైన, రెండో అంతస్తులో ఉంది ఆ ఆఫీసు. ఈజిప్టు ఇంజనీరు సలాహ్‌ది. తోటలకీ, కొట్టాలకీ, ప్రహరీ గోడలకీ కంప్యూటర్ మీద డ్రాయింగులు గీసి ఇస్తారు. గీసేది పాల్‌రాజు. గీసినదాన్ని తేలిక చేసేది పెంచల్. పదకొండేళ్ళుగా అతనికి అదే పని. డ్రాయింగు ఫైళ్ళు వాడేకొద్దీ ఒళ్ళు చేస్తాయి. పాత బొమ్మలోంచి ఒక తలుపు తెచ్చి అతికిస్తే చాలు, ఆ పాత బొమ్మలోని చెత్తంతా కంటికి కనపడకుండా వెంట వచ్చి తిష్ఠ వేస్తుంది. దాన్ని బియ్యంలో రాళ్ళేరినట్టు ఏరి పారెయ్యాలి. బొమ్మలో ఒక్క గీత చెదరకూడదు. ఈ పని ఎంత బాగా కుదిరితే అంత ఏమీ జరగనట్టే ఉంటుంది. నిన్నటి బొమ్మే ఇవాళా. ఇక మెచ్చుకోవడానికి ఎవరికేం కనపడుతుంది?

పాల్‌రాజు పని మాత్రం కనపడుతుంది. నర్సాపురం దగ్గర్నుంచి వచ్చిన ముప్పై నాలుగేళ్ళ కుర్రాడు. తోట గీయమంటే ఖర్జూరం చెట్టుని ఆకు ఆకునా గీస్తాడు. అందరూ ఒక సున్నా చుట్టి మధ్యలో చుక్క పెడితే, ఇతనికి మట్టలు కావాలి, మట్టల మీద ఈనెలు కావాలి. అలాంటివి మూడు వందలు నాటేసరికి ఫైలు గర్భిణిలా కదల్లేక కూర్చుంటుంది. దాన్ని కదిలించేది పెంచల్. మెచ్చుకోళ్ళు పాల్‌రాజుకి. కువైటీ ఆసామి వచ్చి చెట్లు చూసి, "మాషా అల్లా" అని పాల్‌రాజు భుజం తట్టి వెళ్ళిపోతాడు. మూల కూర్చున్న పెంచల్‌ని ఏసీ యంత్రాన్ని చూసినట్టు చూస్తాడు.

పెంచల్‌కి కడుపు రగిలిపోయేది. పాల్‌రాజు ఇంగ్లీషు మాట్లాడితే మంట. పాల్‌రాజు చొక్కా నలగకుండా ఉంటే మంట. మధ్యాహ్నం అతను వేడి వేడి అన్నం క్యారియరు విప్పితే మరీ మంట. అతని పెళ్ళాం మెర్సీ నర్సు. ఇద్దరూ ఫర్వానియాలో ఒకే ఇంట్లో ఉంటారు. పెంచల్ భార్య అంకాలమ్మ కూడా కువైట్‌లోనే ఉంది, కానీ ఒక కువైటీ ఇంట్లో వంటకీ పిల్లలకీ. శుక్రవారం మధ్యాహ్నం ఆ ఇంటి యజమానురాలు, వీళ్ళు 'మామా' అని పిలిచే ఆవిడ, వదిలితే పార్కులో మూడు గంటలు కూర్చుంటారు. ఆమె రాజంపేట వదిలి వచ్చినప్పటి నుంచి, తొమ్మిదేళ్ళుగా వాళ్ళ కాపురం ఆ సిమెంటు బెంచీ మీదే.

ఈ నెలాఖరుకి ఖైతాన్ ఆఫీసు మూసేస్తున్నారు. అహ్మదిలో ఒక కాంట్రాక్టరు దగ్గర పదిహేనేళ్ళ డ్రాయింగులు ఉబ్బిపోయి పడున్నాయి. వాటిని బాగుచేస్తూ కొత్తవి గీయడానికి ఒక మనిషి కావాలన్నారు. ఒక్కడే. పనితో పాటు భార్యాభర్తలు ఉండేందుకు ఒక గదీ వంటిల్లూ ఇస్తారు. ఆ మాట విన్నప్పటి నుంచి పెంచల్ ఆ వంటింట్లో అంకాలమ్మని నిలబెట్టి చూసుకుంటున్నాడు. కానీ సలాహ్ మనసు పాల్‌రాజు మీద ఉంది. వాడికి ఫైళ్ళు తగ్గించడం కూడా వచ్చుంటే ఎంత బాగుండేదని రెండుసార్లు పైకే అన్నాడు. కాస్త నేర్పమని మూడేళ్ళ కిందటే పెంచల్‌కి పురమాయించాడు. పెంచల్ సరేనన్నాడు. ఆ సాయంత్రమే తన బల్లని మూలకి జరిపి, స్క్రీను వీపు గదివైపుకి తిప్పుకున్నాడు. అహ్మదికి ఎవరిని పంపాలో ఆ పేరు ఇవాళ సలాహ్ కాంట్రాక్టరుకి ఫోన్లో చెప్పాలి.

తొమ్మిదింటికి పాల్‌రాజు వచ్చి నిలబడ్డాడు.

"పెంచలయ్య గారూ, ఒక్కసారి ఇలా వస్తారా."

"ఏమైందబ్బా?"

"అబూ నాసర్ గారి తోట ఫైలండి. తెరుచుకోవట్లేదు."

అతని మొహంలో నెత్తుటి చుక్క లేదు. కాలరు దగ్గర చెమట పట్టి చొక్కా నలిగి ఉంది. పెంచల్ అది కూడా చూశాడు. నెమ్మదిగా లేచి వెళ్ళాడు.

"పొద్దున్న ఆరున్నరకే వచ్చానండి," అన్నాడు పాల్‌రాజు గొంతు తగ్గించి. "నేనే తగ్గించి చూద్దామని మొదలెట్టాను. సేవ్ అవుతా అవుతా మధ్యలో చచ్చిపోయింది."

"నకలు తీసి పెట్టుకోల్యా?"

"నకలా అండి?"

"అసలు దాని మీదే చెయ్యి పెట్టినావా! ముందు నకలు తీసుకోకుండా ఎవుడన్నా దిగుతాడా దీంట్లోకి?"

"తెలీలేదండి." పాల్‌రాజు సలాహ్ గది తలుపు వైపు చూశాడు. "పన్నెండింటికి ఆయన తోట చూసుకోడానికి వస్తారు. సార్‌కి మాత్రం చెప్పకండి, మీకు పుణ్యం ఉంటుంది."

"చూస్తాంలే," అన్నాడు పెంచల్.

ఆ చచ్చిన ఫైలుని తన మూలకి తెచ్చుకుని ముందు నకలు తీశాడు. తర్వాత పని మొదలుపెట్టాడు. రెండు వేల చిల్లర తప్పులు చూపించింది. కొన్ని మందుకి లొంగాయి, కొన్నిటిని కోసి తీసెయ్యాల్సి వచ్చింది. ఒక్కో మెట్టూ ఎక్కడం, ఆగడం, మళ్ళీ ఎక్కడం. ఆ రెండు గంటలూ అతను ఎంత సంతోషంగా ఉన్నాడో చెప్పుకుంటే సిగ్గుచేటు. గది అవతల పాల్‌రాజు గోళ్ళు కొరుక్కుంటున్నాడు. పదిన్నరకే గోడలు వచ్చేశాయి, కానీ పెంచల్ ఆ మాట చెప్పలేదు.

పదకొండు దాటాక చెట్లు వచ్చాయి, వరస తర్వాత వరస. పెంచల్ ఒకదాన్ని పెద్దది చేసి చూశాడు. దాని పక్కది చూశాడు. అన్నీ ఒకే చెట్టుకి నకళ్ళని ఇన్నాళ్ళూ అనుకున్నాడు. ఏ రెండూ ఒకలా లేవు. ఒకటి గాలికి వంగింది, ఒకదానికి కింది మట్టలు ఎండి వేలాడుతున్నాయి, గోడ పక్కది నీడకి సన్నగా పెరిగింది. ఇది పాల్‌రాజుకి ఎవరూ చెప్పిన పని కాదు. ఎవరికీ కనపడని పని. నాకు చేతనవునా అని తనని తాను అడుక్కుని, కాదని తెలుసుకుని, పళ్ళు కొరికాడు పెంచల్.

పద్నాలుగు మెగాబైట్లకి దించిన ఫైలు తీసుకుని సలాహ్ గదిలోకి వెళ్ళాడు. సలాహ్ చూసి తల ఊపాడు. నిన్నటిదాకా బాగానే ఉంది కదా, దానంతట అదే పాడైందా అని యథాలాపంగా అడిగాడు.

ఫైళ్ళు వాటంతటవే పాడవుతాయి. నెలకి రెండైనా అవుతాయి. పెంచల్ తల ఊపితే అక్కడితో సరి. నోటి దాకా ఔననే వచ్చింది. కళ్ళముందు వంటిల్లు మెదిలింది, దాని పక్కనే గాలికి వంగిన ఆ ఖర్జూరం చెట్టు కూడా. ఆఫీసు హిందీలో నాలుగు ముక్కలు చెప్పాడు. పాల్‌రాజు చెయ్యి పెట్టాడు. నకలు కూడా తీసుకోలేదు. నన్ను అడగలేదు. అన్నీ నిజాలే.

సలాహ్ పాల్‌రాజుని లోపలికి పిలిచి తలుపు వేసుకున్నాడు. ఆసామి ఫైలుతో ఆటలా అని ఒక కేక, తర్వాత ఖలాస్ అనే మాట. ఎలాగూ మూసేసే ఆఫీసే, నెలాఖరు దాకా ఎందుకన్నాడట. పాల్‌రాజు బయటికొచ్చి క్యారియరు సంచీలో పెట్టుకున్నాడు. మెర్సీ ఫొటో గోడ మీంచి తీసుకున్నాడు. పెంచల్ తిట్లకి సిద్ధపడి కూర్చున్నాడు.

"వెళ్ళొస్తానండి పెంచలయ్య గారూ. ఫైలు నిలబెట్టారు, చాలు."

"యాడికి పోతావు?"

"ఎక్కడో ఒకచోట దొరక్కపోదండి."

ఒక్క మాట తిట్టినా బాగుండేది. మర్యాదలో కూడా వాడిదే పైచెయ్యి అయింది. అతను మెట్లు దిగుతుంటే అబూ నాసర్ ఎదురై పైకి వచ్చాడు, స్క్రీను ముందు కూర్చుని, చెట్లు చూసి, సలాహ్ రెండు బుగ్గల మీదా ముద్దులు పెట్టాడు.

అహ్మదికి పెంచల్ పేరే వెళ్ళింది. వరండాలోకి వెళ్ళి అంకాలమ్మకి ఫోన్ చేశాడు.

"మెల్లగా మాట్లాడు, మామా పండుకోనుంది."

"మనకే వచ్చిందే. అహ్మది."

"నిజమేనా?" అంది. తర్వాత ఏడుస్తున్నట్టు ఊపిరి వినపడింది. "ఒట్టు పెట్టు."

"ఒట్టే."

"ఆ నర్సాపురం పిల్లోడో మరి?"

"వాడికేమి, పెండ్లాం సంపాదిస్తాంది," అని ఫోన్ పెట్టేశాడు పెంచల్. వరండా కింద ఎవడో టైరు దొర్లించుకుంటూ పోతున్నాడు. నిజంగానే సంతోషంగా ఉంది. ఎంతో కాలానికి ఒకసారి తను గెలిచాడు.

రెండింటికి సలాహ్ పాల్‌రాజు బల్ల ఖాళీ చెయ్యమన్నాడు. పై సొరుగులో రెండు పెన్నులు, తలనొప్పి మాత్రలు. కింది సొరుగు ఇరుక్కుపోయింది. బలంగా లాగితే, ఒక పొడుగాటి రూళ్ళ నోటు పుస్తకం బయటపడింది. అట్ట మీద 'పెంచలయ్య గారి పద్ధతి' అని రాసి ఉంది. ముత్యాల్లాంటి అక్షరాలు. చేతిరాత కూడా బాగుండాలా వీడికి అనుకున్నాడు పెంచల్. మూడేళ్ళ కిందటి తేదీతో మొదలైంది.

'ఏడు అక్షరాలు కొట్టి ఎంటర్. రికవర్ కమాండ్ అయ్యుండాలి. తర్వాత ఐదు. ఆగుతారు. ఒక అక్షరం, ఎంటర్. మళ్ళీ ఐదు, మూడుసార్లు. ఇక్కడ దగ్గుతారు. ఇక్కడ టీ. టీ చల్లారేదాకా ఆగడం కూడా పద్ధతేమో.'

దొంగ, అన్నాడు పెంచల్ పైకే. నిలువునా కోపం వచ్చింది. స్క్రీను తిప్పుకుంటే చప్పుళ్ళు వింటూ కూర్చున్నాడన్నమాట. పేజీ తిప్పాడు. ఇంకో ఫైలు, ఇంకో తేదీ, అవే చప్పుళ్ళ లెక్క. 'ఆయన నూట నలభైని ఆరు చేశారు. నేను జన్మలో చెయ్యలేను' అని ఒకచోట. 'ఆ చేతుల్లో ఏముందో. కుళ్ళొస్తోంది' అని ఇంకోచోట.

పెంచల్ కుర్చీలోకి జారబడ్డాడు. పదకొండేళ్ళలో తన పని చూసి కుళ్ళుకున్న మనిషి ఒక్కడు ఉన్నాడు, ఆ ఒక్కణ్ణీ ఇవాళ తనే మెట్లు దింపాడు. నకలు తీయడం మౌస్‌తో చేసే పని. దానికి కీబోర్డు చప్పుడు ఉండదు.

ఫోన్ తీశాడు. పాల్‌రాజు పేరు దగ్గర వేలు ఆగింది. ఏమని చెప్తాడు? అంకాలమ్మకి ఒట్టు వేసి గంట కూడా కాలేదు. ఫోన్ జేబులో పెట్టుకుని, కాసేపటికి లేచి, తన కంప్యూటర్ ఆపడానికి మూలకి వెళ్ళాడు.

నోటు పుస్తకం పాల్‌రాజు బల్ల మీదే ఉండిపోయింది. ఏసీ గాలికి దాని పేజీలు ఒకటొకటే తిరుగుతున్నాయి. ప్రతి పేజీలోనూ పైన, 'మొదట మౌస్ మాత్రమే. ఏం చేస్తారో తెలియదు. అడగాలి' అని రాసి, ఆ కింద జవాబు కోసం రెండు రూళ్ళు ఖాళీగా వదిలి ఉన్నాయి.