మొదలు చూసిన సినిమా

తెర మీద పేర్లు పడుతుండగానే ఆమె ఒక చేత్తో చీపురు, ఇంకో చేత్తో నల్ల సంచి పట్టుకుని మెట్లెక్కింది. జనం దిగుతున్నారు. గోడకు ఒదిగి దారి ఇస్తూ, వాళ్లు లేచిపోయిన సీట్ల వైపు చూసింది. పాప్‌కార్న్ డబ్బాలు చాలావరకు సగానికి సగం మిగిలి ఉన్నాయి. సినిమా బాగుందన్నమాట.

ఈ లెక్క ఆమె సొంతం. విసుగెత్తించే సినిమాకు డబ్బాలు అడుగంటా ఖాళీ అవుతాయి. చెయ్యి నోటిదాకా పోవడం మరిచిపోతేనే మిగులుతాయి. పోయిన నెల ఓడ సినిమాకు గింజ మిగల్లేదు. అంత ఖర్చు పెట్టి తీసిన తుఫానును జనం నములుతూ చూశారు. ఎడారి సినిమాకు మాత్రం సంచి మోయలేక రెండుసార్లు తిరిగింది. అందులో హీరో కొండ మీంచి దూకేముందు కిందికి చూసి గుటక వేస్తాడు. ఆ గుటక లేకపోతే దూకడంలో గొప్పేముందని ఆమె అంటుంది. గేటు దగ్గర టికెట్లు చూసే ఆయన "వదినా, ఈ వారం తీర్పేంటి?" అని అడిగి, ఆమె చెప్పింది విని, క్యూలో ఉన్నవాళ్లకు తన మాటగా చెప్పేస్తాడు. ఆమె నవ్వి ఊరుకుంటుంది.

అయితే ఆమె ఏ సినిమాకూ మొదలు చూసి ఎరగదు. ఆట అయిపోయేముందు తలుపు దగ్గర నిలబడి చూసిన ఆఖరి ముక్కే ఆమెకు సినిమా. హీరోలందరూ ఆమెకు నెత్తుటి చొక్కాలతోనే పరిచయం. ఇస్త్రీ చొక్కా వేసుకున్న హీరో పోస్టర్లలో కనిపిస్తాడు, అంతే.

ఆ ఆఖరి ముక్క ఇంటికి వెళ్లి మొగుడికి చెబుతుంది. అతను లారీ నడిపిన మనిషి. గుండె దెబ్బతిని మంచం పట్టాడు. బండ్లు తరుముకునే ఘట్టం రాగానే పక్కనున్న స్టీలు కంచం తీసి, ఒళ్లో నిలబెట్టి, స్టీరింగులా పట్టుకుంటాడు. కంచం అంచున ఒక సొట్ట ఉంది. సొట్ట పైకి ఉందంటే బండి తిన్నగా పోతున్నట్టు. అంత వేగంలో బ్రేకు తొక్కితే పల్టీ కొట్టదా, వాడికి లైసెన్సు ఎవడిచ్చాడని హీరోను తిడతాడు. తిట్టి, మళ్లీ చెప్పించుకుంటాడు. ఆమె తెచ్చిన చివరి ముక్కకు మొదలు తనే కల్పించుకుంటాడు.

ఈ వారం లారీ సినిమా వచ్చింది. కూలబోతున్న వంతెన మీదుగా అవతలి ఊరికి మందులు చేర్చే డ్రైవరు కథ. అంతకు ముందు వారమే డాక్టరు ఆమెను వరండాలోకి పిలిచి, ఇక ఇంట్లోనే ఉంచుకోండి, ఇష్టమైనవి పెట్టండి అన్నాడు. అతను తిండి ఎప్పుడో తగ్గించేశాడు. ఇష్టమైనది ఏదో ఆమెకు తెలుసు. నిన్న అతనే నోరు తెరిచి అడిగాడు.

"ఈసారి మొదలు కూడా పట్టుకురావే. ఎలా బయల్దేరిందో తెలియని బండిని ఎంతకాలం తోలను?"

అందుకని, ఇన్నేళ్ల పనిలో సెలవు తప్ప ఏమీ అడగని మనిషి ఇవాళ సూపర్‌వైజరు ముందు నిలబడింది. ఆయన మొదట నవ్వాడు. సంగతి విన్నాక ఆమె చేతిలో చీపురు తీసుకుని గోడకు ఆనించి, పక్క హాలులో ఆట అయ్యేదాకా కూర్చుని సినిమా చూసుకోమన్నాడు.

వంతెన దాటే ఆఖరి ముక్క పొద్దుటి ఆటకే చూసేసింది. మధ్యాహ్నం ఆట మొదలైంది. తెర మీద అప్పుడే తెల్లవారుతోంది. డ్రైవరు లారీ చుట్టూ తిరుగుతూ ఒక్కో టైరునూ కర్రతో కొట్టి చప్పుడు విన్నాడు. అద్దం తుడిచాడు. ఎక్కి కూర్చున్నాక కూడా వెంటనే కదల్లేదు. ఇంజను మాట కాసేపు విన్నాడు. పెళ్లయిన కొత్తలో వాకిట్లో నిలబడి ఆమె చూసింది ఇదే. ఈ సినిమా తీసినవాడికి లారీ తెలుసు అనుకుంది. చుట్టూ ఎవరి చెయ్యీ డబ్బాలోకి పోవడం లేదు. అంతలో పక్క హాలు నుంచి పిలుపు వచ్చింది.

ఇల్లు చేరేసరికి కిటికీలో ఇంకా ఎండ ఉంది. చెప్పులు విడుస్తూనే మొదలుపెట్టింది. అతను కళ్లు మూసుకుని విన్నాడు.

"టైర్లు కొట్టి చూశాడా?"

"అన్నీ."

"స్టెప్నీ?"

"అదీ కొట్టాడు."

"అయితే వాడు డ్రైవరే," అన్నాడు కళ్లు తెరిచి. ఏ హీరోనూ అంత మాట అనలేదు ఇంతవరకు. "కంచం ఇటివ్వు. నడుమ నువ్వు చూళ్లేదుగా, అది నేను చెప్తా. తర్వాత నీ వంతెన చెబుదువుగాని."

ఆమె కంచం ఇచ్చి, దిండు సర్ది, పొయ్యి దగ్గరికి వెళ్లి పాలు పెట్టింది. అతను ఘాట్ రోడ్డు ఎక్కాడు. లోడుతో ఉన్న బండి, రెండో గేరు, పక్కన లోయ. గొంతు సన్నగా ఉన్నా మలుపులు తప్పిపోలేదు.

"ఇక్కడ ఎడమకు పెద్ద మలుపు. తొందరపడకూడదు. హారన్ కొట్టి, మెల్లగా..."

ఆగాడు. లోడు బండి మలుపు తిరగడానికి సమయం పడుతుంది. ఆమె పాలు పొంగకుండా చూసుకుని, దించి, గ్లాసులో పోసింది. అతను ఇంకా మలుపులోనే ఉన్నాడు. సరే, తన వంతు వచ్చిందనుకుంది.

"వంతెన ఊగిపోతోంది. వాడు గుటక వేశాడు. అయినా ఆపలేదు. దాటేశాడయ్యా, ఒక్క మందు సీసా పగల్లేదు."

బ్రేకు సంగతి అతను అడగలేదు. ఆమె గ్లాసు పట్టుకుని వెనక్కి తిరిగింది.

గ్లాసు కింద పెట్టి, మంచం అంచున కూర్చుంది. చాలాసేపటికి అతని రెప్పలు మూసింది. వేళ్లు మాత్రం విడదీయలేదు. కంచం అతని మోకాళ్లకు ఆనుకుని నిలబడే ఉంది, సొట్ట ఎడమవైపుకు తిరిగి.