వేదిక మీది తలుపు

లూవీనియా ఇంటి తలుపు ఊడబెరుక్కుపోయింది దొంగలు కాదు, సన్మాన సంఘం వాళ్లు.

సెయింట్ లూయిస్ ఉత్తరపు పేటలో, ఇటుకల మేడ మూడో అంతస్తులో ఆమెది ఒక వాటా. నడవాకి అవతల, సరిగ్గా ఎదురుగా, ఎర్నస్టీన్ వాటా. చిన్నప్పుడు ఇద్దరిదీ ఒకే వీధి. నల్లవాళ్ల పేట మీదుగా పెద్ద రోడ్డు వెయ్యాలని ఆ ఇళ్లన్నీ కూలగొట్టినప్పుడు జనం చెట్టుకొకరు పుట్టకొకరు అయిపోయారు. ఆ తర్వాత ఎవరెక్కడున్నారో చావు కబురొస్తేనే తెలిసేది. అందరిలోనూ ఎదురెదురు తలుపులు దక్కింది వీళ్లిద్దరికే. పొద్దున్నే ఎర్నస్టీన్ తలుపు తెరుచుకునేదాకా లూవీనియాకి కాఫీ గొంతు దిగేది కాదు.

ఆ మేడలో ఒక కట్టుబాటుంది. పెంచిన అద్దె కట్టలేనివాళ్ల సామాను కోర్టు అమీనా మనుషులు వీధిలో పడేసి పోగానే, తక్కినవాళ్లంతా కిందికి దిగి మళ్లీ లోపల చేర్చేస్తారు. "ఎవరి సామాను వాళ్ల తలుపు వెనకే" అని లూవీనియా పెట్టిన నియమం. ఆ నియమం వల్ల నిలిచిన కాపురాలు చాలా ఉన్నాయి. అందుకే ఆమెకు గృహహక్కుల, జాతిన్యాయ పురస్కారం ఇస్తామన్నారు.

"మీరు అమీనాకి అడ్డంగా నిలబడ్డ తలుపు ఇదే కదా!" అని మురిసిపోయింది సంఘం అధ్యక్షురాలు మిసెస్ విట్‌కోమ్. "దీన్ని వేదిక మీద నిలబెడతాం, మిస్ లూవీనియా. చరిత్ర ఇది!"

"మరి నా ఇంటికో?"

"ఫలకం ఇస్తున్నాంగా!"

తలుపు తీసుకుపోయి దుప్పటి వేలాడదీశారు. రెండు రోజుల్లో ఇళ్ల తనిఖీ అధికారి దిగాడు.

"తలుపు లేనిది ఇల్లు కాదమ్మా, నడవా అవుతుంది. నడవాలో మనుషులు కాపురం ఉండకూడదు."

"ఎక్కడికి పొమ్మంటావు నాయనా?"

"నది అవతల ముసలివాళ్ల ఇళ్లలో ఒక గది ఖాళీగా ఉంది. దానికి చక్కని తలుపుంది."

"మరి ఎర్నస్టీన్?"

"ఆవిడకి తలుపుందిగా! ఆవిడెందుకు కదలడం?"

నది దాటితే వేరే రాష్ట్రం. మోకాళ్లు పనిచెయ్యని ఇద్దరు ముసలివాళ్లు ఆ వంతెన ఎన్నిసార్లు దాటగలరు? లూవీనియా విట్‌కోమ్‌కి ఫోన్ చేసి తలుపు ఇచ్చెయ్యమని బతిమాలింది.

"తప్పకుండా ఇస్తాం! ముందు సన్మానం, ఆ తర్వాత మ్యూజియం, ఆ తర్వాత దేశమంతా తిప్పుతాం. అదవ్వగానే మీదే."

శనివారం మధ్యాహ్నం హోటల్లో విందు. లూవీనియా టోపీ పెట్టుకుంటూ ఉండగానే అమీనా మనుషులు వచ్చి, ఆమెకు అభినందనలు చెప్పి, సామాను వీధిలో పెట్టి వెళ్లారు. విందుకి ముస్తాబైన మేడవాళ్లంతా అలవాటుగా చొక్కాల చేతులు పైకి మడిచి దిగారు. చర్చి పెద్ద డీకన్ రూబెన్ సోఫా ఒక కొస ఎత్తి ఆగిపోయాడు.

"తలుపేదీ?"

"హోటల్లో ఉంది," అంది ఎర్నస్టీన్.

"అయితే హోటల్‌కే పదండి."

ఎవరూ నవ్వలేదు. నియమం నియమమే. చర్చి బస్సులో మంచం, పొయ్యి, చేపలున్న ఫ్రిజ్ ఎక్కించారు.

వేదిక మీద దీపాల వెలుగులో తలుపు ఒక్కటే నిలబడి ఉంది. చుట్టూ గోడల్లేవు. దాని ముందు విట్‌కోమ్ "ఇల్లు మనిషి హక్కు" అని ఉపన్యసిస్తోంది. డీకన్ పక్కనుంచి పోవచ్చు. పోలేదు. తలుపు తీసి, సోఫాని ఏటవాలుగా వంచి, "నీవైపు ఎత్తవోయ్, చెక్క గీసుకుంటుంది!" అని కేకలేస్తూ అందులోంచే పట్టించాడు. పెద్దమనుషులు అదొక నాటకమనుకుని చప్పట్లు కొట్టారు. ఫ్రిజ్ తీగ తగిలించడానికి మైకు తీగ పీకేశారు.

లూవీనియా లోపలికెళ్లి తలుపు మూసుకుంది. విట్‌కోమ్ పక్కనుంచి రాబోయింది.

"ఏమ్మా, గోడలోంచి దూరిపోతావా?" అంది ఎర్నస్టీన్. "మర్యాద తెలీదూ? తలుపు కొట్టు."

విట్‌కోమ్ కొట్టింది.

"ఎవరదీ?"

"నేనే, మిస్ లూవీనియా. ఫలకం తీసుకోవాలి."

"తగిలించుకోడానికి గోడేదమ్మా నాకు?"

హోటల్ మేనేజరు పరుగెత్తుకొచ్చాడు. సాయంత్రం అక్కడ పెళ్లి ఉంది. విందుకొచ్చి కోడిమాంసం తింటున్న తనిఖీ అధికారిని లాక్కొచ్చాడు. ఆయన మూతి తుడుచుకుని తలుపు పరీక్షించాడు.

"తలుపుంది కాబట్టి ఇల్లే. ఖాళీ చేయించాలంటే నెల గడువివ్వాలి."

మేడవాళ్లు ఈలలు వేశారు. లూవీనియా మాత్రం తలుపుకున్న చిన్న రంధ్రంలోంచి అవతలికి చూసింది. బల్లలు, పూలు, తెలియని ముఖాలు. ఎదురు తలుపు లేదు. ఇంత చేసీ ఒంటరిదాన్నే అయ్యానా అనుకుంది. తలుపు తీసి కేకేసింది: "ఎర్నస్టీన్! ఎక్కడున్నావే?"

ఎక్కడా లేదు. డీకనూ లేడు. బస్సూ లేదు.

లూవీనియా గడపలోనే కుర్చీ వేసుకుని కూర్చుంది. ఎవరేం తెచ్చినా ముట్టలేదు. పళ్లేలు ఎత్తేస్తుంటే హాలు వెనక గొడవ మొదలైంది. ఎర్నస్టీన్ టోపీ పక్కకి ఒరిగిపోయి వస్తోంది. వెనక డీకను నెత్తిమీద ఆమె తలుపు.

"ఎక్కడికి పోయావే ముండా? ప్రాణం పోయిందనుకో!"

"నా తలుపు నడిచొస్తుందనుకున్నావా? మేకులు పీకొద్దూ?"

ఆ తలుపును సరిగ్గా ఎదురుగా, దాతల బల్లకి ఆనించి నిలబెట్టారు. వెనకే ఎర్నస్టీన్ మంచం వచ్చింది. మేనేజరు విట్‌కోమ్ కాళ్లు పట్టుకున్నంత పని చేశాడు.

"మీ తలుపు ఇచ్చేస్తాం, మిస్ లూవీనియా," అంది విట్‌కోమ్ నీరసంగా.

"రెండూ. ఎదురెదురుగా. మీరే మోసుకొచ్చి బిగించాలి. అప్పటిదాకా కదలం."

పట్టు టైలు కట్టుకున్న దాతలు రొప్పుతూ మూడంతస్తులు మోశారు. రెండు తలుపులకీ ఒకటే రంగు. పాపం వాళ్లకేం తెలుసు, ఇటుదటూ అటుదిటూ బిగించేశారు. కట్టుబాటు ప్రకారం సామానూ తలుపుల వెంటే పోయి, ఇద్దరి వాటాలూ తారుమారయ్యాయి. లూవీనియా తన తలుపు తెరిచి కుర్చీ వేసుకుంది. ఎదురు తలుపు భళ్లున తెరుచుకుంది.

"ఏమే," అని అరిచింది ఎర్నస్టీన్, "ఇన్నేళ్లూ నీ వంటింటి కుళాయి కారుతోందని ఒక్కసారైనా చెప్పావా?"