నిమిషానికి నూట నలభై

యాభై ఏడేళ్ల మెకానిక్ బండి బాగోగులు చెవితోనే చెప్పగలడు. ఆ అలవాటు కొద్దీ, పుట్టి రెండు రోజులైన కొడుకు ఛాతీకి చెవి ఆనించాడు. మరుక్షణం తలుపు వైపు తిరిగాడు.

"అమ్మాయీ, వీడి గుండె పరుగెడుతోంది! ఒక్కసారి ఇలా రావే!" అని ఆసుపత్రి వరండాలోకి కేకేశాడు.

కూతురికి ఇరవై ఆరేళ్లు, నర్సు. తల్లి కడుపుతో ఉందని తెలిసిన రోజున "నా స్నేహితుల ముందు నేను తలెత్తుకోనక్కర్లేదా?" అని ఏడ్చి, ఆర్నెల్లుగా తండ్రితో మాట మానేసింది. ఇప్పుడు వచ్చిందీ తల్లి కోసమే. కేక వినగానే మాత్రం పరుగున వచ్చి, తమ్ముడి ఛాతీ మీద వేళ్లుంచి గడియారం చూసింది.

"నూట నలభై. పసిపిల్లలకి అంతే ఉంటుంది నాన్నా. నీ షెడ్డులో లారీ అనుకున్నావా?"

మంచం మీద తల్లి దుప్పటి నోటికడ్డం పెట్టుకుని నవ్వింది.

మెకానిక్‌కి నవ్వు రాలేదు. రాత్రింబవళ్లు ఆపకుండా తిప్పితే ఏ ఇంజినైనా వారానికి మూలపడుతుంది. నిమ్మకాయంత కూడా లేని ఈ గుండె ఒక జీవితకాలం ఆగకుండా నడవాలి!

"నీదీ ఇలాగే కొట్టుకునేదా?" అని కూతుర్ని అడిగాడు.

"నువ్వు వినలేదా?"

"లేదమ్మా. నువ్వు పుట్టిన సాయంత్రానికే మళ్లీ బండి కింద దూరాను. వినాలని కూడా తోచలేదు."

ఆమె వంగి, తమ్ముడి ఛాతీకి చెవి ఆనించింది.

తన శ్వాస ఆ చప్పుడికి అడ్డమవుతుందేమోనని మెకానిక్ ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు.