ఫిలెము గొంతు

పిల్లల హార్మోన్ల డాక్టరుగా ఇరవై రెండేళ్లలో ఫువాతినో నేర్చుకున్నదంతా కలిపితే ఒకటే మాట. తల్లులు మొత్తుకునే పిల్లల గురించి అంత కంగారు పడక్కర్లేదు, మెచ్చుకునే పిల్లల్ని మాత్రం ఒకటికి రెండుసార్లు చూడాలి.

ఆ రోజు ఓడ దిగి సవాయి దీవిలో లెయాతావా గారింటికి వెళ్లింది ఆయన పెద్ద మనవరాలు ఫీపే కోసం. ఫీపేకి తొమ్మిదేళ్లు, షుగరు. ఇన్సులిన్ తనే పొడుచుకుంటుంది.

లెయాతావా ఊరి పెద్ద. సాయంత్రం శంఖం ఊదగానే ఊరంతా ఎక్కడివాళ్లక్కడ ప్రార్థనకు కూర్చుంటారు. దాన్ని 'సా' అంటారు. ఆ కాసేపట్లో ఎవరైనా దగ్గినా ఆయన చూపుతోనే మాడ్చేస్తాడు.

"ఫీపే సంగతి సరే, మా చిన్నదాన్ని చూశావా డాక్టరమ్మా?" అన్నాడాయన కోకో కప్పు అందిస్తూ. "పుట్టి ఆరు వారాలు. ఒక్కనాడంటే ఒక్కనాడు సా చెడగొట్టలేదు. అందుకే ఫిలెము అని పెట్టాం."

ఫిలెము అంటే వాళ్ల భాషలో ప్రశాంతం. ఫువాతినో కప్పు కింద పెట్టేసింది.

చాప మీద పిల్ల కళ్లు సగం తెరిచి పడుకుని ఉంది. మొహం ఉబ్బింది, నాలుక కొంచెం బయటికుంది. పాదాలు ముట్టుకుంటే చల్లగా ఉన్నాయి. ఇంట్లోనే కాన్పయింది కాబట్టి ఆస్పత్రిలోలా పుట్టగానే మడమలోంచి రక్తం తీసి పరీక్షించినవాళ్లు లేరు.

"పాలకి ఏడుస్తుందా?" అని తల్లి లీతుని అడిగింది.

లీతు మామగారి వైపు చూసి గొంతు తగ్గించింది. "ఏడవదండీ. నేనే లేపి పట్టిస్తా. రెండు గుక్కలు తాగి మళ్లీ నిద్రపోతుంది."

"పెద్దయ్యా, దీని మెడలో థైరాయిడ్ గ్రంథి పనిచెయ్యట్లేదనిపిస్తోంది" అంది ఫువాతినో. "దాన్నుంచి వచ్చే హార్మోను లేకపోతే మెదడు ఎదగదు. ఇప్పటికే ఆరు వారాలు పోయాయి. రక్తం పరీక్షకి పంపిస్తాను గానీ, మందు ఇవాళే మొదలుపెట్టాలి."

"బాగుంది వరస. గోల చేస్తే జబ్బు, చెయ్యకపోయినా జబ్బేనా? దేవుడు నెమ్మదైన పిల్లనిస్తే నువ్వొచ్చి వంకపెడతావేం? మందూ వద్దు, మాకూ వద్దు."

ఆయన మాటకి ఆ ఇంట్లో ఎదురు లేదు. ఫువాతినోకి ఒళ్లు మండింది. కానీ ఇక్కడ కోపం చూపిస్తే నష్టపోయేది పిల్ల. "సరే, మందు సంగతి తర్వాత. రక్తం తియ్యనివ్వండి. మీరే ఎత్తుకోండి దాన్ని" అంది.

సూది మడమలో దిగింది. పిల్ల గుక్కపట్టి ఏడుస్తుందని ముసలాయన ముందే మొహం ముడుచుకున్నాడు. పిల్ల నుదురు మాత్రం ముడతపడింది. నోరు తెరుచుకుంది. చాలాసేపటికి గొంతులోంచి చిన్న గరగర వచ్చి ఆగిపోయింది.

"దీనికి నొప్పి తెలియట్లేదా?"

"తెలుస్తోంది పెద్దయ్యా. చెప్పే ఓపిక లేదు."

ఆయన ఆ పాదాన్ని అరచేతిలో పెట్టుకుని అలాగే కూర్చుండిపోయాడు. ఆరు వారాలుగా ఊరంతా తిరిగి తను గొప్పలు చెప్పుకున్నది దేని గురించో అప్పటికి తెలిసొచ్చింది పాపం. "ఇచ్చెయ్యి ఆ మందు" అన్నాడు.

ఆమె సంచిలోంచి తీసిన మాత్ర బియ్యపు గింజకన్నా కాస్త పెద్దది, అంతే. దాన్ని నలిపి, చెంచాడు తల్లిపాలలో కలిపి నాలుక మీద వేసింది. ఆ మాత్రలో అసలు మందు కంటికి ఆనేంత కూడా ఉండదు. ఒక మనిషి నవ్వడం, నడవడం, అక్షరాలు కూడబలుక్కోవడం అంత కొంచెంలో ఇమిడి ఉన్నాయంటే ఎన్నేళ్లయినా ఆమెకి నమ్మబుద్ధి కాదు.

పరీక్ష ఆమె అనుమానమే నిజమంది. పోయిన వారాల ఎదుగుదలలో ఎంత తిరిగొస్తుందో ఆమెకీ తెలియదు.

మూడు వారాలకి మళ్లీ వచ్చేసరికి శంఖం ఊదుతున్నారు. గబగబా లోపలికెళ్లి చాప చివర కూర్చుంది. లెయాతావా కళ్లు మూసుకుని ప్రార్థన అందుకున్నాడు. ఊళ్లో చప్పుడన్నది లేదు.

అప్పుడు ఫిలెము ఏడ్చింది.

మామూలు ఏడుపు కాదు. ఆకలేస్తోంది, పాలేవీ అని నిలదీసే ఏడుపు. గోడల్లేని ఇళ్లు కదా, ఊరి చివరిదాకా వినిపించింది. లీతు కంగారుగా లేవబోతే ముసలాయన చెయ్యి అడ్డం పెట్టాడు. ప్రార్థనలో మాట మర్చిపోయాడు. మళ్లీ ప్రార్థన అందుకోవాలని కూడా చూడలేదు, వింటూ కూర్చున్నాడు. ఫువాతినో కళ్లు తుడుచుకోలేదు, తుడుచుకుంటే కదిలినట్టవుతుంది.

సా ముగిసిందని శంఖం ఊదగానే ఎదురింటామె రోడ్డు దాటి వచ్చింది. "ఎవరన్నా చుట్టాలొచ్చారా పెద్దయ్యా? ఆ ఏడ్చిన పిల్ల ఎవరు, ఎప్పుడూ విన్న గొంతు కాదే?"

"చుట్టాలెవరూ లేరమ్మా" అన్నాడు లెయాతావా. "అది మా ఫిలెము."