కాబోయే అల్లుడి గుణగణాలు

అమెరికాలో క్యారీ అనే ఊళ్లో ఆదిశేషు గారింట్లో అడుగుపెట్టిన వాళ్లెవరూ ఇల్లంతా చూడకుండా బయటపడిన దాఖలా లేదు. భోజనానికి పిలిస్తే వచ్చినా, తోటలో కాసిన సొరకాయ ఇచ్చి పోదామని వచ్చినా, ముందు ఇల్లు చూడాల్సిందే. కింద హాలుతో మొదలుపెట్టి, మేడ మీద పడకగదులు, మనిషి లోపలికి నడిచి వెళ్లగలిగేంత బట్టల అలమర, పూజగది, చివరికి గరాజ్. గరాజ్‌లో వాటర్ హీటర్ ఎన్ని గాలన్లు పడుతుందో కూడా చెప్పేవారు. ఎవరూ అడిగేవారు కాదు. ఆయన ఆగేవారూ కాదు.

ఆయన ఒక మందుల కంపెనీలో కెమిస్టు. డెబ్బైల్లో ఈ దేశం వచ్చి, వీలైనంత త్వరగా పౌరసత్వం పుచ్చుకున్నారు. ఓటు మాత్రం ఒక్కసారీ వేయలేదు. ఎన్నికలు మంగళవారం వస్తాయి, మంగళవారం ఆయనకి ల్యాబ్‌లో మీటింగ్. ఆ మాటకొస్తే ప్రభుత్వం అనేది పెద్దవాళ్ల వ్యవహారమనీ, మనలాంటివాళ్లు మధ్యలో వేలు పెడితే పాడవుతుందనీ ఆయన నమ్మకం. న్యూయార్క్‌లో జంట మేడలు కూలిన ఆ ఘోరం జరిగిన తర్వాత మనుషుల్ని కారణం చెప్పకుండా పట్టుకుపోతున్నారని పేపర్లో వచ్చినప్పుడల్లా, "ఊరికే ఎవరు పట్టుకుపోతారండీ, ఏదో చేసే ఉంటారు" అని తీర్పు చెప్పి కాఫీ తాగేవారు. తీర్పు అంత సులువుగా చెప్పగలగడం కూడా ఒక వరమే.

2002 అక్టోబరులో ఒక శనివారం పొద్దున ఇద్దరు ఫెడరల్ ఆఫీసర్లు ఆయన తలుపు తట్టారు. ఒకడు పొడుగు, ఒకడు పొట్టి. బిళ్లలు చూపించారు. ఈ వీధిలో ఈమధ్య ఎక్కడైనా నీలం రంగు వ్యాన్ ఆగి ఉండగా చూశారా అని అడిగారు. అంతే ప్రశ్న. "చూడలేదండీ" అని తలుపేసుకుంటే మనకీ కథ లేదు, ఆయనకీ బాధ లేదు.

"లోపలికి రండి! రండి!" అన్నారు ఆదిశేషు గారు, రెండు తలుపులూ బార్లా తీసి.

వంటింట్లో పెసరట్టు తిరగేస్తున్న కామేశ్వరి గారు అట్లకాడతోనే బయటికొచ్చారు. "ఏం పనో గుమ్మంలోనే అడగండి. కాగితం ఏదైనా ఉందేమో చూడండి" అన్నారు తెలుగులో, నవ్వు మొహం పెట్టి.

"ష్, ఊరుకో. ఇంటికొచ్చిన వాళ్లని గుమ్మంలో నిలబెడతామా? గవర్నమెంటు మనుషులు!"

బూట్లు మాత్రం విప్పించారు. దేశభద్రత చూసే పొట్టి ఆఫీసరు మేజోడులోంచి బొటనవేలు బయటికి తొంగిచూస్తుండగా, ఆదిశేషు గారు ముందు నడిచి దారి చూపించారు. జడ్జి దగ్గరికి వెళ్లి వారెంటు తెచ్చుకుంటేగానీ చూడటానికి వీల్లేని చోట్లన్నీ ఆయనే తెరిచి, దీపం వేసి, "ఇది కూడా చూడండి" అని చూపించారు. అలమరలు తీశారు. మంచం కింద సొరుగు లాగారు. పూజగదిలో గంట కొట్టి వినిపించారు. ఇంత సజావుగా సాగిన సోదా ఆ ఆఫీసర్లు ఉద్యోగంలో చేరాక చూసి ఉండరు.

చివరికి వంటింట్లో కూర్చోబెట్టి పెసరట్లు పెట్టించారు. అక్కడే, ఫ్రిజ్ మీద అయస్కాంతంతో అంటించిన ఫొటో పొడుగాయన కంట్లో పడింది. చిన్న విమానం పక్కన చలువ కళ్లద్దాలు పెట్టుకుని నిలబడ్డ కుర్రాడు.

"ఎవరీ అబ్బాయి?"

అడక్కూడని మనిషిని అడగరాని ప్రశ్న అడిగారు. ఆ కుర్రాడు నిశాంత్. కాకినాడ వాడు, హెచ్‌వన్ వీసా మీద వచ్చి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకుంటున్నాడు. ఆదిశేషు గారి ఒక్కగానొక్క కూతురు మృదులకి కుదిరిన సంబంధం. జనవరిలో పెళ్లి. కుదిరినప్పటినుంచి ఆయన కలిసిన ప్రతివాళ్లకీ అల్లుడి గుణగణాలు చెబుతూనే ఉన్నారు. విన్నవాళ్లు రెండోసారి వినడానికి ఓపిక లేక తప్పించుకు తిరుగుతున్నారు. అలాంటిది, ఇద్దరు మనుషులు ఎదురుగా కూర్చుని, కాగితం మీద పెన్ను పెట్టి, ఇంకా చెప్పండి అంటుంటే ఎవరికి నోరాగుతుంది?

"విమానం నడుపుతాడండీ. సొంతంగా!" అన్నారు. "ఉద్యోగం సాఫ్ట్‌వేరే అయినా చదివింది కెమికల్ ఇంజనీరింగ్. ఎరువుల మీద పెద్ద రీసెర్చ్ చేశాడు. ఆ సబ్జెక్టులో వాడికి తెలియంది లేదు."

"స్నేహితులు ఎక్కువేనా?"

"అబ్బే, ఎవరితోనూ కలవడండీ. తాగుడు లేదు, తిరుగుడు లేదు. గదిలో ఒంటరిగా ఉంటాడు. రోజూ రెండు పూటలా ప్రార్థన తప్పడు. ఇండియా వెళ్లినా దుబాయ్‌లో నాలుగు రోజులాగి, అక్కడి పెద్దల్ని కలిసిగానీ వెళ్లడు. అంత పద్ధతి."

కామేశ్వరి గారు స్టవ్ దగ్గర వెనక్కి తిరిగి ఉన్నారు. పెసరట్టు మాడిన వాసన వచ్చింది. ఆవిడ పెసరట్టు మాడ్చడం ఆ ఇంట్లో అదే మొదలు.

ఆఫీసర్లు రెండో కాఫీ వద్దని లేచారు. బూట్లు తొడుక్కుంటూ నిశాంత్ ఎక్కడుంటాడని అడిగితే, ఆదిశేషు గారు అపార్ట్‌మెంట్ నంబరు చెప్పడమే కాక, ఏ సిగ్నల్ దగ్గర ఎడమకి తిరగాలో కూడా చెప్పారు. నీలం వ్యాన్ సంగతి ఇద్దరూ మర్చిపోయారు.

తర్వాతి వారం నిశాంత్‌ని ఇంట్లోంచి తీసుకెళ్లిపోయారు. ఎక్కడికో చెప్పలేదు, ఎందుకో చెప్పలేదు. చాలా రోజులకిగానీ అట్లాంటా దగ్గర ఎక్కడో ఉంచారని తెలియలేదు. ఇది విచారణ మాత్రమేననీ, అరెస్టు కాదనీ ఫోన్లో ఎవరో మర్యాదగా చెప్పారు. తాళం వేసిన గదిలో కూర్చున్నవాడికి ఆ తేడా ఎంత ఊరటో మరి! డ్యూటీకి రాలేదని కంపెనీ ఉద్యోగం తీసేసింది.

ఆదిశేషు గారు ఫ్రిజ్ మీద ఫొటో తీసేశారు. "గవర్నమెంటుకి మనకన్నా ఎక్కువే తెలుస్తుందే. ఏదో ఉండబట్టే..." అని సగంలో ఆపారు, కూతురు మొహం చూసి.

మృదుల అమెరికాలోనే పుట్టి పెరిగింది. తెలుగు మాట్లాడితే మాటలన్నీ చివర్లు తెగిపోతాయి. కోపం మాత్రం తెగలేదు. "ఏం ఉంది నాన్నా? టెల్ మీ. నిశాంత్ ఏం చేశాడు?"

"నాకేం తెలుసమ్మా."

"ఫ్లయింగ్ అని వాళ్లకి ఎవరు చెప్పారు? లాయర్ అడుగుతోంది. ఎరువులు, దుబాయ్, ప్రేయర్... ఇవన్నీ ఎవరో ఒక్కరే చెప్పారట. రిపోర్ట్‌లో ఉందట."

ఆయన నోరు తెరవాల్సిన అవసరం లేకపోయింది.  కామేశ్వరి గారు భర్త వంక చూసిన చూపు కూతురు చూసింది. మృదుల ఏడవలేదు, అరవలేదు. కారు తాళాలు తీసుకుని వెళ్లిపోయింది. ఆ రోజు నుంచి తండ్రితో మాట్లాడటం మానేసింది.

లాయరు పేరు గీతాంజలి. ఈ ఊరి తెలుగువాళ్ల పిల్లే, చిన్నప్పుడు ఆదిశేషు గారి చేతిలో బతుకమ్మ పండగ ప్రైజు కూడా అందుకుంది. ఆయన్ని ఆఫీసుకి పిలిపించి, చేతులు కట్టుకుని కూర్చుంది.

"అంకుల్, బెయిల్ హియరింగ్ ఉంది. మీరు వచ్చి, అప్పుడు చెప్పింది నిజం కాదు అని చెప్పాలి."

"ఇంకెవరైనా చెప్పకూడదా అమ్మా? వాడి స్నేహితులు..."

"వాళ్లందరూ వీసా మీద ఉన్నారు. భయం. రారు. అయినా అవి మీ మాటలు. మీరే వెనక్కి తీసుకోవాలి." ముందున్న ఫైలు మూసింది. "ఇంకోటి కూడా చెప్పాలి. ఫెడరల్ ఆఫీసర్‌కి అబద్ధం చెప్పడం క్రైమ్. మీరు కోర్టులో ఒప్పుకుంటే, మీ మీద కేసు పెట్టొచ్చు. నేను ఆపలేను."

 ఇంతకీ నిజం ఏమిటంటే, నిశాంత్ విమానం నడపడు. రూమ్మేట్ పుట్టినరోజుకి కొనిచ్చిన టికెట్‌తో ఒక్కసారి ఎక్కాడు. పైలట్ పక్కన కూర్చుని కడుపులో తిప్పి వాంతి చేసుకున్నాడు. ఫొటో అంతకుముందు తీసింది. ఎరువుల రీసెర్చ్ అంటే కాలేజీలో ఉండగా ఒక వేసవిలో ఎరువుల ఫ్యాక్టరీకి వెళ్లి బస్తాల పక్కన నిలబడి వచ్చాడు. సంధ్యావందనం చేస్తాడో లేదో దేవుడికే తెలియాలి. దుబాయ్‌లో కలిసిన పెద్దలు అక్కడ ఉద్యోగం చేసుకుంటున్న నిశాంత్ మేనమామ. అంతా ఆదిశేషు గారు పెళ్లిమాటల్లో కాస్త కాస్త పెంచుకుంటూ పోయినదే. మనవాళ్లు వింటే సగం తీసేసి వింటారు. ఆఫీసర్లకి ఆ లెక్క తెలియదు, ఎరువులంటే వాళ్లకి గుర్తొచ్చేది బాంబులే.

ఇంటికొచ్చి స్నేహితుడు శేషగిరికి ఫోను చేశారు. శేషగిరి ఎప్పటినుంచో పౌరుడు, తెలుగు సంఘానికి అధ్యక్షుడు కూడా. కుర్రాడు మంచివాడని సంఘం తరఫున పదిమంది కోర్టుకొచ్చి నిలబడితే బాగుంటుందని ఆదిశేషు గారి ఆశ.

"మనకెందుకండీ ఆదిశేషు గారూ," అన్నాడు శేషగిరి. "ఊరికే ఎవరు పట్టుకుపోతారు? ఏదో చేసే ఉంటాడు."

ఆ మాట వినగానే ఆయనకి ఒళ్లు మండింది. ఎవరి మీద మండాలో తెలియక ఫోను పెట్టేశారు. పక్కన నిలబడ్డ కామేశ్వరి గారు, "మీరు వెళ్తున్నారు" అన్నారు. అడగలేదు, చెప్పారు.

అట్లాంటాలో కోర్టు చిన్న గది. నిశాంత్ చిక్కిపోయాడు, నారింజ రంగు బట్టలు భుజాల మీంచి జారిపోతున్నాయి. ఆదిశేషు గారు ప్రమాణం చేసి, తాను ఏడాదిగా కట్టిన మేడనంతా ఇటుక ఇటుకా కూలగొట్టారు.

"వీడికి విమానం నడపడం రాదండీ. ఎక్కితే కక్కుకున్నాడు. ఎరువుల సంగతి అసలే తెలియదు, కుండీలో మొక్క కూడా చచ్చిపోయింది. చాలా మామూలు కుర్రాడండీ. మీరు భయపడాల్సినంత తెలివి వాడికి లేదు."

మృదుల వెనక వరసలో కూర్చుని ఉంది. నిశాంత్ తల వంచుకున్నాడు. కాబోయే మామగారు నలుగురిలో ఇంత గొప్పగా పొగడటం ఎవరికి మాత్రం దక్కుతుంది!

ప్రభుత్వం తరఫు లాయరు లేచాడు. "మీరు అప్పుడు అబద్ధం చెప్పారా? ఇప్పుడు చెబుతున్నారా?"

గీతాంజలి జవాబు చెప్పక్కర్లేదన్నట్టు తల ఊపింది. ఆదిశేషు గారు ఆమె వంక చూశారు, కూతురి వంక చూశారు.

"అప్పుడు పెళ్లిమాటలు మాట్లాడానండీ. ఇప్పుడు ప్రమాణం చేసి మాట్లాడుతున్నాను. అప్పుడు చెప్పిందే అబద్ధం."

నిశాంత్ వల్ల ఎవరికీ ప్రమాదం లేదని జడ్జి తేల్చారు. విడిచిపెట్టారు కూడా. అయితే ఇన్నాళ్లూ ఉద్యోగం లేకుండా ఈ దేశంలో ఉన్నాడు గనక వీసా చెల్లదనీ, దేశం వదిలి వెళ్లిపోవాలనీ చెప్పారు. ఉద్యోగం ఎందుకు లేదంటే వీళ్లే పట్టుకెళ్లారు గనక. ఇందులో తప్పెక్కడుందో వెతికితే దొరకదు. ప్రతి కాగితమూ సక్రమంగా ఉంది, ప్రతివాళ్లూ "సారీ" అని కూడా అన్నారు.

కారు పార్కింగులో నిశాంత్ ఆయన దగ్గరికొచ్చాడు. "థాంక్స్ అంకుల్."

"నన్ను తిట్టు బాబూ. తిడితే కాస్త తేలికపడతాను."

"తిట్టను అంకుల్. పెళ్లి హైదరాబాద్‌లో చేసుకుంటాం. మృదుల కూడా నాతో వచ్చేస్తానంది. మీరు రావాలి."

"వస్తాను. రాకుండా ఎలా ఉంటాను!" అన్నారాయన.

వెళ్లలేదు. నెల తిరక్కుండా, ఆఫీసర్లకి అబద్ధం చెప్పారని ఆయన మీద కేసు పెట్టారు. వాయిదాలు అయ్యేదాకా పాస్‌పోర్టు కోర్టుకి అప్పగించమన్నారు. ఉండాలనుకున్న కుర్రాణ్ణి ఉండనివ్వలేదు, వెళ్లాలనుకున్న తండ్రిని వెళ్లనివ్వలేదు. దేశం మాత్రం ఎంతో భద్రంగా ఉంది.

పెళ్లి ఫిబ్రవరిలో, సాయంత్రం ముహూర్తం. క్యారీలో అప్పుడు పొద్దున్న. ఆదిశేషు గారు పట్టుపంచె కట్టుకుని, వంటింట్లో నిలబడి, కాలింగ్ కార్డు గీకి బావమరిది జగన్మోహన్ సెల్‌ఫోన్‌కి చేశారు. కన్యాదానం జగన్మోహన్ దంపతులు చేస్తున్నారు. ఫోను, పెళ్లికి హైదరాబాద్ వెళ్లిన కామేశ్వరి గారి చేతిలో ఉంది. మంత్రాలు వినిపిస్తున్నాయి, పిల్లల గోల వినిపిస్తోంది. మధ్యలో ఎవరో పెద్దావిడ గొంతు.

"పిల్ల తండ్రేడే కామేశ్వరీ? రాలేదా?"

"రావడానికి వీల్లేకపోయింది పిన్నీ," అన్నారు కామేశ్వరి గారు. భర్త పరువు కోసం ఆవిడ కూడా నాలుగు ఇటుకలు పేర్చారు. "అమెరికా గవర్నమెంటు వాళ్లు ప్రతిదానికీ ఈయన సలహానే అడుగుతారు. పెద్ద పని మీద ఉన్నారు."

"కామేశ్వరీ," అన్నారు ఆదిశేషు గారు ఫోన్లో. "అలా చెప్పకు."

"ఏమిటండీ?"

"నా మీద కేసుందని చెప్పు."

"ఇప్పుడా? ఇంతమందిలోనా?"

"ఇంతమందిలోనే. బంగారం లాంటి కుర్రాణ్ణి నా నోటిదూలతో పట్టించానని చెప్పు. నా కూతురి పెళ్లి నేను చూడలేకపోవడానికి వాళ్లెంత కారణమో నేనూ అంత కారణమని చెప్పు." ఫోను ఈ చెవి నుంచి ఆ చెవికి మార్చుకున్నారు. "గొప్పలు వద్దే. ఇంక నేను భరించలేను."

 కామేశ్వరి గారి గొంతు ఫోనుకి దూరంగా వినిపించింది: "పిన్నీ, ఆయన మీద కేసుంది. చెబుతాను, ఇలా కూర్చో."

పంతులుగారు గట్టిమేళం అని కేకేశారు. డోలూ సన్నాయీ ఒక్కసారిగా హోరెత్తాయి, ఇంకే మాటా వినపడలేదు. ఆదిశేషు గారు ఫోను చెవికి అదిమిపట్టుకుని, ఖాళీ వంటింట్లో రెండో చేత్తో అక్షింతలు వేశారు.